పాడేవాడే తెర మీద ఉంటే: తేలికపాటి పాటల కామెడీలు మీకెందుకు నచ్చుతాయి?

రికార్డుల డబ్బా (హన్మకొండ)

చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట ఇది. గాయకులే హీరోలుగా వేసిన తేలికపాటి హాస్య సినిమాలు ఉన్నాయి కదా, వాటి గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా రాయరు. కిశోర్ కుమార్ ‘చల్తీ కా నామ్ గాడీ’ (1958), ‘హాఫ్ టికెట్’ (1962), ఎల్విస్ ప్రెస్లీ ‘బ్లూ హవాయి’ (1961), బీటిల్స్ ‘ఎ హార్డ్ డేస్ నైట్’ (1964), మన దగ్గర బాలు గారు వేసినవి. కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. విలన్ ఉన్నా భయం వేయదు. చివరికి అందరూ కలిసిపోతారని మొదట్లోనే తెలిసిపోతుంది. అయినా వీటిని మళ్లీ మళ్లీ చూస్తాను. అవార్డులు వచ్చిన సినిమాలను గౌరవంగా ఒకసారి చూసి పక్కన పెడతాను, వీటిని మాత్రం వదలలేను.

మా నాన్నకు చౌరస్తా దగ్గర క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. జనం చీటీ మీద పాటలు రాసుకొచ్చి 60 నిమిషాల క్యాసెట్‌లోనో 90 నిమిషాల క్యాసెట్‌లోనో నింపించుకునేవాళ్లు. విషాద గీతాలు కావాల్సినవాళ్లు చీటీ ఇచ్చి ఊరుకునేవాళ్లు. ‘ఏక్ లడ్‌కీ భీగీ భాగీ సీ’ అడిగేవాళ్లు మాత్రం కౌంటర్ మీద వేళ్లతో దరువు వేసి మరీ అడిగేవాళ్లు. ఆ సీను గుర్తుంది కదా? వానలో తడిసి, కారు చెడిపోయి, మధుబాల రాత్రివేళ గ్యారేజీకి వస్తుంది. కిశోర్ కారు బాగుచేస్తూ చేతిలో ఉన్న పనిముట్లతోనే దరువు వేసుకుంటూ పాడతాడు. తోట లేదు, డ్యాన్సర్లు లేరు, చుట్టూ ఇనుప సామాను. ఆ మనిషి పాడుతున్నాడన్న నమ్మకం మాత్రం నూటికి నూరు పాళ్లు ఉంటుంది, ఎందుకంటే నిజంగా ఆ గొంతు ఆయనదే.

నాకు అర్థమైనంతలో అసలు సంగతి అదే. మన సినిమాల్లో పాట ఒకరిది, పెదాలు ఇంకొకరివి. మనం దానికి పూర్తిగా అలవాటు పడిపోయాం. గొంతూ మనిషీ ఒకటే అయినప్పుడు మనకూ తెరకూ మధ్య ఒక చనువు వస్తుంది. ఆ చనువు దొరికాక కథ బరువుగా ఉండాల్సిన పని లేదు, బరువు పెరిగితే అడ్డం కూడా. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని)

అన్నా, నా మనసులో మాట రాశారు. బొగ్గుబాయి పని మాది. రాత్రి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక వెంటనే నిద్ర పట్టదు. ఒళ్లు అలిసిపోతుంది కానీ బుర్ర తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు నరుక్కోవడాలు, చావులు ఉన్న సినిమా పెడితే ఉన్న టెన్షన్ డబుల్ అవుతుంది. నేను ‘హాఫ్ టికెట్’ పెట్టుకుంటాను. ఫుల్ టికెట్‌కు డబ్బులు చాలక అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడి వేషం వేసి సగం టికెట్‌తో రైలెక్కుతాడు. వజ్రం దొంగ ప్రాణ్ ఆ వజ్రాన్ని తెచ్చి ఇతని జేబులో దాస్తాడు. ఇక అక్కడి నుంచి ఉరుకులాటే.

అందులో ‘ఆకే సీధీ లగీ దిల్ పే’ పాట చూడనివాళ్లు ఉంటే ఇవాళే చూడండి. ఆడగొంతు, మగగొంతు రెండూ కిశోర్‌వే. తెర మీద ఆడవేషంలో ఉన్నది కూడా ఆయనే, ఎదురుగా ప్రాణ్. ఒక లైను సన్నగా, వెంటనే ఇంకో లైను లావుగా. నేను ఎన్నిసార్లు విన్నా గొంతు ఎక్కడ మారుతుందో పట్టుకోలేకపోతున్నాను. మస్తు పాట.

మెట్టుగుట్ట (మడికొండ)

కిశోర్ విషయంలో మీతో పేచీ లేదు. ఎల్విస్‌ను ఆ వరుసలో పెట్టడం దగ్గరే నాకు అభ్యంతరం.

ఎల్విస్ 1956 నుంచి 1969 దాకా 31 కథా చిత్రాల్లో నటించాడు. వాటిలో 1958లో వచ్చిన ‘కింగ్ క్రియోల్’ చూడండి. ‘కాసాబ్లాంకా’ తీసిన మైకేల్ కర్టిజ్ దానికి దర్శకుడు. అందులో ఎల్విస్‌కు కోపం ఉంది, సిగ్గు ఉంది, తండ్రి మీద జాలి ఉంది. ఇతను నిజంగా నటుడు అవుతాడనిపిస్తుంది. అదే సంవత్సరం సైన్యంలోకి వెళ్లాడు. తిరిగొచ్చాక ‘జి.ఐ. బ్లూస్’ (1960), ‘బ్లూ హవాయి’ బాగా ఆడాయి. ఇక అంతే, ఒక అచ్చు తయారైంది. ఒక అందమైన ఊరు, ఒక ఉద్యోగం, ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు, పది పాటలు. ఏడాదికి మూడు సినిమాల చొప్పున అదే అచ్చులో పోశారు. సినిమా పాటల రికార్డును అమ్ముతుంది, రికార్డు సినిమాను అమ్ముతుంది. మేనేజర్ టామ్ పార్కర్‌కు ఆ లెక్క చాలు. అంత గొంతు ఉన్న మనిషి చేత రొయ్యల మీద, కారు సీట్ల మీద పాటలు పాడించారు. నాకు ఆ సినిమాలు చూస్తే నవ్వు రాదు, బాధ కలుగుతుంది.

రికార్డుల డబ్బా (హన్మకొండ)

మెట్టుగుట్ట గారూ, ఆ బాధ నాకూ ఉంది. అయితే ఆ సినిమాలు ఎవరి కోసం అన్నది కూడా చూడాలి. ఎల్విస్ అమెరికా బయట కచేరీలు చేసింది 1957లో కెనడాలో మాత్రమే. ఆ తర్వాత బయట ఏ దేశంలోనూ కచేరీ చేయలేదు. అమెరికాలో కూడా 1961 మార్చిలో పెర్ల్ హార్బర్‌లో చేసిన కచేరీ తర్వాత 1969 జులైలో లాస్ వేగస్ వేదిక ఎక్కేదాకా మామూలు కచేరీలే లేవు, మధ్యలో 1968 టీవీ షో తప్ప. అంటే దాదాపు ఎనిమిదేళ్ల పాటు ఎల్విస్‌ను చూడాలంటే సినిమా హాలే దిక్కు. లండన్ వాళ్లకైనా, బొంబాయి వాళ్లకైనా అంతే. టికెట్ కొన్నవాళ్లు కథ కోసం వెళ్లలేదు, ఆ మనిషిని గంటన్నర సేపు చూద్దామని వెళ్లారు. అటువంటప్పుడు బరువైన కథ పెట్టి రెండే పాటలు పాడిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

‘బ్లూ హవాయి’లో ‘కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్’ ఎక్కడ వస్తుందో గుర్తుందా? ప్రపంచమంతా దాన్ని ప్రేమపాటగా పెళ్లిళ్లలో పాడుకుంటోంది. సినిమాలో ఎల్విస్ దాన్ని ప్రియురాలి అమ్మమ్మ పుట్టినరోజున పాడతాడు. ఆమెకు ఒక మ్యూజిక్ బాక్సు కానుకగా తెస్తాడు. మూత తీస్తే రాగం వస్తుంది, ఆ రాగం మీద మెల్లగా పాట ఎత్తుకుంటాడు. చుట్టూ ఇంటివాళ్లు, ముందు ముసలామె. గట్టిగా పాడడు, చేతులు ఊపడు. ఆ రెండు మూడు నిమిషాల్లో ఆ కుర్రాడు ఎంత మంచివాడో మనకు తెలిసిపోతుంది. అంతకుమించి కథ ఏం చెప్పాలి? ఆ సినిమా పాటల రికార్డు అమెరికాలో 20 వారాలు మొదటి స్థానంలో నిలబడింది.

కాజీపేట జంక్షన్ (కాజీపేట)

రైల్వేలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. మా కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. వాళ్ల ఇళ్లలోంచి ఇంగ్లిష్ పాటలు రోడ్డు మీదికి వినిపించేవి. నాకు ఈ సంగీతం పరిచయమైంది అలాగే. ఎల్విస్ పేరు, క్లిఫ్ రిచర్డ్ పేరు అప్పుడే విన్నాను.

క్లిఫ్ రిచర్డ్ మనదేశంలో పుట్టినవాడని ఎంతమందికి తెలుసు? 1940లో లక్నోలో పుట్టాడు, అసలు పేరు హ్యారీ వెబ్. వాళ్ల నాన్న రైళ్లలో భోజనాలు సప్లై చేసే కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాడు. 1948లో ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆ పిల్లాడే 1963లో ‘సమ్మర్ హాలిడే’ అనే సినిమాలో హీరో. లండన్ బస్సు డిపో మెకానిక్కులు నలుగురు ఒక డబుల్ డెక్కర్ బస్సును పడకలు, వంటగదితో ఇల్లుగా మార్చి ఏథెన్స్ దాకా నడుపుకుంటూ పోతారు. దారి పొడుగునా పాటలు. వర్క్‌షాపులో పని తెలిసినవాళ్లకు ఆ మొదటి భాగం భలే నచ్చుతుంది. కుర్రాళ్లు బస్సు లోపలంతా ఊడదీసి కొత్తగా బిగిస్తారు.

ఇక ‘ఎ హార్డ్ డేస్ నైట్’ నాకు వీటన్నిటిలోకి ఇష్టం. ఎందుకంటే అందులో రైలు ఉంది. నలుగురూ రైల్లో గార్డు వ్యానులో సామాన్ల మధ్య కూర్చుని పేకాడుతుంటారు. ఇనుప జాలీ అవతల స్కూలు అమ్మాయిలు. పేక ముక్కలు వేస్తూ వేస్తూ ఉండగానే ‘ఐ షుడ్ హావ్ నోన్ బెటర్’ మొదలైపోతుంది. చేతుల్లో పేకలు ఉన్నవాళ్ల చేతుల్లోకి గిటార్లు ఎప్పుడు వచ్చాయో తెలియదు, పాట అయిపోగానే మళ్లీ పేకలు. గార్డు వ్యానులో నేను తిరిగినవాణ్ణే కాబట్టి చెబుతున్నాను, ఆ కుదుపు, ఆ ఇరుకు, ఆ వెలుతురు అచ్చం అలాగే ఉంటాయి. పాటకు స్వర్గంలాంటి సెట్టు అక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని)

సార్, ఆ రైలు సీను ఇప్పుడే చూశాను. మా పాప కూడా పక్కన కూర్చుని చూసింది, ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా మళ్లీ పెట్టమంది.

సరిగమ టీచర్ (కరీంనగర్)

సంగీతం నేర్పే వృత్తిలో ఉన్నాను. డబ్బా గారు చెప్పిన ‘పాట ఒకరిది, పెదాలు ఇంకొకరివి’ అన్న మాట మీద కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే దాని మీదే ఒక కథ ఉంది, ఆ కథ మన తెలుగుకు రెండుసార్లు వచ్చింది.

పాట రాని కుర్రాడు ఎదురింటి అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమెకు సంగీతమంటే ప్రాణం. ఇతని స్నేహితుడు కిటికీ చాటున నిలబడి పాడితే, ఇతను కిటికీలో నిలబడి పెదాలు కదుపుతాడు. అంటే మన సినిమాల్లో రోజూ జరిగే ప్లేబ్యాక్‌నే కథగా చేశారు. 1952లో బెంగాలీలో ‘పాషేర్ బాడీ’గా వచ్చింది, అందులో గాయకుడు ధనంజయ్ భట్టాచార్య కూడా నటించాడు. మరుసటి ఏడాదే, 1953లో, చిత్తజల్లు పుల్లయ్య గారు తెలుగులో ‘పక్కింటి అమ్మాయి’గా తీశారు. రేలంగి హీరో, అంజలీదేవి హీరోయిన్, పాడే స్నేహితుడిగా సాక్షాత్తూ ఏ.ఎం. రాజా. హిందీలో ‘పడోసన్’ వచ్చింది 1968లో, మనకంటే పదిహేనేళ్లు ఆలస్యంగా. ఆ తర్వాత 1981లో కె. వాసు గారి దర్శకత్వంలో మళ్లీ ‘పక్కింటి అమ్మాయి’. చంద్రమోహన్, జయసుధ జంట. హిందీలో కిశోర్ వేసిన పాడే స్నేహితుడి పాత్ర బాలు గారు వేశారు, మహమూద్ వేసిన సంగీతం మాస్టారి పాత్ర సంగీత దర్శకుడు చక్రవర్తి వేశారు.

చూడండి, ఎన్నిసార్లు తీసినా చాటున పాడే పాత్రకు నిజమైన గాయకుణ్ణే తెచ్చుకున్నారు. అది లేకపోతే కథే నిలబడదు. మామూలుగా స్టూడియోలో మైకు ముందు కనిపించకుండా ఉండిపోయే మనిషి, ఇక్కడ దాక్కున్నా మనకు కనిపిస్తుంటాడు. ‘పడోసన్’లో నోట్లో పాన్‌తో, నడినెత్తిన పాపిడితో కిశోర్ కిటికీ పక్కన నక్కి పాడుతుంటే, సునీల్ దత్ ముందు నిలబడి పెదాలు కలపడానికి నానా తిప్పలు పడతాడు. మన పెద్ద హీరోలందరూ అరవై ఏళ్లుగా చేస్తున్న పని అదే, అక్కడ బయటపడి నవ్వు తెప్పిస్తుంది.

అందులోని పోటీ పాట ‘ఏక్ చతుర్ నార్’ గురించి ఒక్కమాట. మహమూద్‌కు పాడింది మన్నా డే, శాస్త్రీయంగా నేర్చినవాడు. కిశోర్ అలా నేర్చుకున్నవాడు కాదు. ఆ పోటీలో స్వరాలు తెలిసిన మాస్టారు ఓడిపోవాలి, అల్లరివాడు గెలవాలి. మన్నా డే పాడిన భాగం జాగ్రత్తగా వినండి, హాస్యం కోసం ఎక్కడా శ్రుతి జార్చలేదు. కిశోర్ కూడా శ్రుతి వదలడు, వరుస మాత్రం మాటిమాటికీ మార్చేస్తాడు. మా పెద్ద క్లాసు పిల్లలకు ఈ పాట తప్పకుండా వినిపిస్తాను. తాళం ఎంత గట్టిగా ఉంటే పాటలో అంత అల్లరి చేయవచ్చో దీనికంటే బాగా చూపించే పాఠం నాకు దొరకలేదు.

ఒగ్గుడోలు (జనగామ)

నైట్‌షిఫ్ట్ తమ్ముడు చెప్పిన ‘ఒకే గొంతులో ఆడ, మగ’ విషయం చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇది మనకు కొత్తనా? ఐనవోలు మల్లన్న జాతరకు పోండి, కొమురవెల్లి పోండి. ఒగ్గు కథ చెప్పే పెద్దాయన భుజం మీది కండువాను తలకు కప్పుకుంటే ఆడమనిషి, నడుముకు చుట్టుకుంటే యుద్ధానికి పోయే వీరుడు. పాట ఆయనదే, మాట ఆయనదే, ఆట ఆయనదే. పక్కన డోళ్లు కొట్టేవాళ్లు మధ్యలో ప్రశ్నలు వేస్తుంటే వాళ్లతో పరాచికాలు ఆడతాడు. బీరప్ప కథలో జనం కళ్లనీళ్లు పెట్టుకుంటున్న చోట కూడా ఒక నవ్వు వేసి, మళ్లీ రాగం అందుకుంటాడు. మా జనగామ ప్రాంతం నుంచి చుక్క సత్తయ్య గారు ఆ కథను దేశమంతా తిప్పారు, కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది ఆయనకు. పాడేవాడే నవ్వించాలి, నవ్వించేవాడే పాడాలి అన్నది మా ఊళ్లో ఎవరికీ వింత కాదు. కిశోర్ కుమార్ మా అమ్మకు అందుకే వెంటనే నచ్చాడు. ఆమెకు హిందీ రాదు.

ఇంకొకటి. ‘బలగం’ (2023) చివర్లో దుగ్గొండి మండలం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు స్వయంగా తెర మీద నిలబడి పాడారు. ఆ సినిమా తేలికపాటిది కాదని నాకు తెలుసు. కానీ ఊళ్లలో తెరలు కట్టి వేసినప్పుడు జనం ఏడ్చింది ఆ గొంతు ఆ మనుషులదే అని తెలిసి. ఒక నటుడు వాళ్ల పాటకు పెదాలు కలిపి ఉంటే అంత దూరం పోయేది కాదు.

పాకాల గాలి (నర్సంపేట)

అంకుల్స్ అందరూ పాత సినిమాల గురించే మాట్లాడుతున్నారు, ఇప్పుడు ఈ రకం సినిమాలు జోరుగా వస్తున్న చోటు ఒకటుంది, అది పంజాబ్. మా ఇంజినీరింగ్ హాస్టల్లో పంజాబీ రూమ్మేట్ వల్ల నాకు అలవాటైంది. దిల్జిత్ దోసాంజ్ ‘జట్ అండ్ జూలియట్’ (2012), గిప్పీ గ్రేవాల్ ‘క్యారీ ఆన్ జట్టా’ (2012). ఇద్దరూ ముందు గాయకులు, తర్వాత హీరోలు. ఆ రెండు సినిమాలకూ మూడేసి భాగాలు వచ్చాయి. ‘జట్ అండ్ జూలియట్’లో కథ ఏముంది? కెనడా పోవాలనుకునే పిల్లాడు, అతనితో అస్తమానం కొట్లాడే అమ్మాయి. మిగతాదంతా దిల్జిత్ ఎలా మాట్లాడతాడు, ఎలా నడుస్తాడు, డైలాగు మధ్యలో ఎలా నవ్వుతాడు అన్నదే. పాటలో ఏ ఊపు ఉందో మాటలో కూడా అదే ఊపు ఉంటుంది. సరిగమ మేడం, గాయకుల కామెడీ టైమింగ్ బాగుండడానికి తాళం కారణమా?

నా అసలు ప్రశ్న వేరే. మన తెలుగులో ఇలాంటివి ఎందుకు రావడం లేదు?

సరిగమ టీచర్ (కరీంనగర్)

తాళం తప్పకుండా కారణమే తల్లీ. పాటలో ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లకు మాటలో కూడా ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. హాస్యంలో సగం ఆ ఆగడమే. భానుమతి గారిని చూడు. ‘చక్రపాణి’ (1954)లో నటన ఆమెదే, పాట ఆమెదే, సంగీత దర్శకత్వం కూడా ఆమెదే. మునిమనవడి కోసం తపించే పిసినారి తాత సి.ఎస్.ఆర్., ఆయన్ని నమ్మించడానికి ఎవరి బిడ్డనో తెచ్చుకున్న మనవరాలు ఈమె. విరుపుగా ఒక మాట అని ఒక క్షణం ఆగుతుంది చూడు, నవ్వు అక్కడ వస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత ‘మంగమ్మగారి మనవడు’ (1984)లో కూడా ఆ విరుపు అలాగే ఉంది.

రికార్డుల డబ్బా (హన్మకొండ)

పాకాల గాలి అడిగిన రెండో ప్రశ్నకు నా షాపు అనుభవంతో చెబుతాను. మా నాన్న షాపులో తెలుగు క్యాసెట్లు ఎలా అమ్ముడయ్యేవంటే, హీరో పేరు మీద. ‘చిరంజీవి హిట్స్’, ‘నాగార్జున హిట్స్’ అని అట్ట మీద రాసేవాళ్లం. పాడింది బాలు గారైనా బొమ్మ హీరోది. సినిమా బయట పాటకు మార్కెట్ దాదాపు లేదు, భక్తి పాటలు, జానపదాలు తప్పితే. పంజాబ్‌లో అలా కాదు. అక్కడ గాయకుడి ఆల్బమ్ విడిగా వస్తుంది, పెళ్లిళ్లలో, మేళాల్లో విడిగా పాడతాడు, అతని ముఖం ఊరూరా తెలుసు. సినిమా తీసేవాడికి ఆ జనం రెడీగా ఉంటారు. ఎల్విస్‌కూ బీటిల్స్‌కూ జరిగింది అదే. ముందు రికార్డు, తర్వాత రీలు. ‘ఎ హార్డ్ డేస్ నైట్’కు యునైటెడ్ ఆర్టిస్ట్స్ డబ్బు పెట్టింది కూడా ఆ పాటల రికార్డు హక్కుల మీద ఆశతోనే. సినిమా పాటకు బయట బతికే గాయకుడు ఉన్న చోటే ఈ రకం సినిమా పుడుతుంది.

ఇప్పుడు మన దగ్గర కూడా పరిస్థితి మారింది. యూట్యూబ్‌లో తెలంగాణ జానపద గాయకులకు సొంత అభిమానులు ఉన్నారు, తమ పాటల వీడియోల్లో తామే కనిపిస్తున్నారు. రాహుల్ సిప్లిగంజ్ కూడా యూట్యూబ్ పాటలతో ముఖం తెలిసినవాడే, ‘రంగమార్తాండ’ (2023)లో నటించాడు కూడా. ఒక మంచి రచయిత కూర్చుని, అలాంటి గాయకుడి కోసం ఒక పల్లె కామెడీ రాస్తే మొదటి టికెట్ నేనే కొంటాను.

కాజీపేట జంక్షన్ (కాజీపేట)

బాలు గారి మాట వచ్చింది కాబట్టి ‘ప్రేమికుడు’ (1994) మర్చిపోవద్దు. కానిస్టేబుల్ తండ్రిగా బాలు గారు, కాలేజీ కొడుకుగా ప్రభుదేవా. ‘అందమైన ప్రేమరాణి’ పాటలో అంత శరీరంతో ప్రభుదేవా పక్కన స్టెప్పులు వేస్తాడు. ప్రభుదేవాతో పోటీ పడాలని చూడడు. కొడుకు సంతోషంలో పాలు పంచుకునే తండ్రిలా ఆడతాడు. అప్పటిదాకా వేలకొద్దీ పాటల్లో విన్న గొంతుకు ఒక తండ్రి ముఖం దొరికింది నాకు ఆ రోజు.

మెట్టుగుట్ట (మడికొండ)

అందరి మాటలూ చదివాను. డబ్బా గారు చెప్పిన కచేరీల లెక్క బలమైనదే, అభిమానులకు ఆ సినిమాలు ఎంత విలువైనవో అర్థమైంది. అయినా నా మాట నాది. తేలికపాటి సినిమా తీయడానికి ఎక్కువ కష్టపడాలి, తక్కువ కాదు. ‘ఎ హార్డ్ డేస్ నైట్’ 1964 మార్చిలో షూటింగ్ మొదలై జులైలో థియేటర్లలో ఉంది. అంత తొందరలో, నలుపు తెలుపులో, తక్కువ డబ్బుతో తీశారు. కానీ రాసిన ఆలన్ ఓవెన్ ఆ నలుగురితో కొన్ని రోజులు తిరిగి, వాళ్లు ఎలా మాట్లాడుకుంటారో విని రాశాడు. దర్శకుడు రిచర్డ్ లెస్టర్ మైదానంలో ‘కాంట్ బై మీ లవ్’ తీసినప్పుడు పెదాలు కలపాలన్న పద్ధతినే వదిలేశాడు. పాట వినిపిస్తుంటుంది, వాళ్లు గెంతుతుంటారు, ఎవరూ పాడరు. స్క్రీన్‌ప్లేకు, సంగీతానికి ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఆ శ్రద్ధ ఎల్విస్ చివరి సినిమాల్లో లేదు. అభిమానులు ఎలాగూ వస్తారని తెలిసి తీసినవి అవి. అభిమానుల ప్రేమను అలా వాడుకోవడం నాకు నచ్చదు.

నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని)

మెట్టుగుట్ట అన్నా, మీ మాటలో న్యాయం ఉంది. కానీ జర నా వైపు నుంచి కూడా చూడండి. మా క్వార్టర్స్‌లో పొద్దున షిఫ్ట్ దిగినవాళ్లం ముగ్గురు నలుగురం కలిసి చూస్తాం. సినిమా గొప్పదా కాదా అని ఎవరూ అడగరు. ‘చల్తీ కా నామ్ గాడీ’లో ‘పాంచ్ రుపయ్యా బారా ఆనా’ రాగానే అందరూ అందుకుంటారు. మధుబాల కారు రిపేరు డబ్బులు ఇవ్వకుండా పోయింది, ఆ 5 రూపాయల 12 అణాల కోసం ఇతను తిరుగుతాడు. కూలి డబ్బులు రావాల్సిన మనిషి కోపాన్ని పాటగా చేశారు. మా వాళ్లకు అది సొంత విషయం. తేలికపాటి సినిమా కదా అని మా బతుకు అందులో లేదనుకోవద్దు.

ఒగ్గుడోలు (జనగామ)

నైట్‌షిఫ్ట్ తమ్మీ, బాగా చెప్పినవ్. ఆ పాటను నేను ఆ కోణంలో ఎన్నడూ వినలేదు.

పాకాల గాలి (నర్సంపేట)

మా హాస్టల్లో వచ్చే శనివారం ప్రొజెక్టర్ దొరుకుతుంది. తెలుగు, హిందీ, పంజాబీ వాళ్లం కలిసి చూస్తాం. ఇందులో ఏది వేయమంటారు? రెండింటికి టైం ఉంది.

సరిగమ టీచర్ (కరీంనగర్)

‘పడోసన్’ వేయి తల్లీ. అందరికీ పాటలు ఎంతో కొంత తెలిసే ఉంటాయి. స్పీకర్ మంచిది పెట్టు, ‘ఏక్ చతుర్ నార్’లో గొంతులు ఒకదాని మీద ఒకటి వచ్చినప్పుడు చిన్న స్పీకర్లో కలిసిపోతాయి.

మెట్టుగుట్ట (మడికొండ)

రెండోది నేను చెబుతాను, ఎల్విస్‌దే చెబుతాను. ‘వివా లాస్ వేగస్’ (1964) వేయండి. ఆ వరుసలో నేను మనస్ఫూర్తిగా ఇష్టపడేది అదొక్కటే. కారణం ఆన్ మార్గ్రెట్. మిగతా సినిమాల్లో అమ్మాయిలు ఎల్విస్‌ను చూస్తూ నిలబడతారు, ఈమె అతనితో సమానంగా ఆడుతుంది, అతను కూడా వెనక్కి తగ్గకుండా ఆడాల్సి వస్తుంది. ‘కమాన్ ఎవ్రీబడీ’ పాటలో ఇద్దరి మధ్య పోటీ చూడండి. టైటిల్ పాటలో ఇంకొకటి గమనించండి, ఎక్కడా కట్ లేదు, మొత్తం ఒకే షాట్‌లో పాడి ఆడాడు. చూశాక మీ ఫ్రెండ్స్ ఏమన్నారో ఇక్కడ రాయమ్మా, ముఖ్యంగా ఎల్విస్‌ను మొదటిసారి చూసినవాళ్లు.